నేను వేసిన కొల్లేటి మంత్రి

నలభై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే బండరాయి అనుకునేరు. అరఠావు కాగితం, దాని నిండా వేలిముద్రలు. ట్రంకుపెట్టె అడుగున, నా పెళ్లినాటి పంచె మడతల్లో ఉంది. ఆ పెట్టెలో మా ఆవిడకి తెలియనిది అదొక్కటే. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముప్పై ఏడో సంవత్సరం, తొలకరి రోజులు. మద్రాసులో మొట్టమొదటిసారి మనవాళ్ల కాంగ్రెసు మంత్రివర్గం వస్తోందని ఏలూరు ఏలూరంతా ఊగిపోతోంది. పదవులు తీసుకోవాలా, వద్దా అన్న పేచీ అప్పుడే తేలింది. ఇక మిగిలింది ఎవరెవరికి, ఎన్నెన్ని. తెలుగువాళ్లకి ఎందరు, రెవెన్యూ ఎవరికి, చదువులు ఎవరికి. కాఫీ హోటల్లో ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మంత్రివర్గం ప్రమాణం చేసేది. ఇంకో కప్పు వచ్చేలోపు కూలిపోయేది.

అప్పుడే నేను మద్రాసు వెళ్లాను. జాబితా రాస్తున్న గది గుమ్మంలో నిలబడ్డాను. లోపల కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, "ఏలూరాయనా, ఇలా రండి, కొల్లేటి సంగతి మీరే చెప్పాలి" అన్నాడు.

చూశారా? ఒప్పుకోవడానికని కూర్చుని మళ్లీ అదే కథ మొదలుపెట్టాను. చెప్పి చెప్పి, ఆ గుమ్మం చెక్క చల్లదనం నా భుజానికి తెలుస్తోంది. నేను మద్రాసు వెళ్లలేదు. ఆ ఏడే కాదు, ఎన్నడూ వెళ్లలేదు.

తాలూకా కచేరీ ఎదురుగా బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. కొల్లేటి లంకల్లో ఒకదాని నుంచి కోటయ్య వచ్చాడు. చేపలు పట్టుకు బతికే ఊరికి పెద్ద. నాకు తండ్రి వయసు. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన నన్ను 'మీరు' అనేవాడు. అప్పట్లో అదే అలవాటు. తమ లంక చుట్టూ ఉన్న నీళ్లని ఏటా వాళ్లు ఊరుమ్మడిగా సర్కారు వేలంపాటలో పాడుకునేవాళ్లు. ఇకమీదట పాట లేకుండా ఆ నీళ్లు తమకే వదలాలని అర్జీ. రాశాను. ఊరి ముద్రలన్నీ వేయించుకొచ్చాడు. అప్పుడు అడిగాడు.

"పంతులుగారండీ, మంత్రులంటే మా పెద్దల్లాంటోళ్లే గదండీ?"

"అలాంటివాళ్లే."

"మా లంకలో నలుగురమండి. ఒకడు పాళ్లు పంచుతాడు, ఒకడు తగాదాలు తీరుస్తాడు, ఒకడు పడవలు చూస్తాడు. నేను నీళ్లు చూస్తానండి. ఎవరి మావు ఎక్కడ దించాలో నేనే చెప్పాలి. మరి మద్రాసులో నీళ్లెవరివండీ?"

మావంటే చేపలు పట్టే వెదురుబుట్ట. తెలియదు అంటే సరిపోయేది. ఒక్క మాట. పక్క బల్లవాళ్లు వింటున్నారు.

"కొల్లేటికి వేరే మంత్రిని వేస్తున్నారు, కోటయ్యా. నేను స్వయంగా వెళ్లి ఆయన చేతికే ఇస్తాను."

"మా పల్లెకారులేనాండీ ఆయన?"

"కాదుగానీ, చేపంటే ప్రాణం."

"పట్టే ప్రాణమా, తినే ప్రాణమా అండీ?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

మా అసెంబ్లీ మెంబరు గారు మద్రాసు మెయిలు ఎక్కుతున్నారంటే, ఆయనతో పాటు పోదామని అర్జీ పట్టుకుని స్టేషనుకి వెళ్లాను. వేలమంది జనం. వేలు కాదులెండి, రెండొందలుంటారేమో. పూలదండల సందులోంచి దూరబోతే ఒక వాలంటీరు నా రొమ్ము మీద చెయ్యి పెట్టి, "అర్జీలు తర్వాతండీ, పక్కకి జరగండి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! తిట్టినా ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

మెయిలు కదిలిపోయింది. బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్లను? అవతలి ప్లాట్‌ఫారం మీద, మద్రాసుకి సరిగ్గా ఎదురు దిక్కుకి పోయే పాసింజరు ఆగి ఉంది. ఎక్కాను. తాడేపల్లిగూడెంలో మా అక్కగారింట్లో ఎనిమిది రోజులు కూర్చున్నాను. రోజూ స్టేషనుకి పోయి పేపరు చదివి మంత్రుల పేర్లు, శాఖలు బట్టీ పట్టాను. కొల్లేరన్న మాట అందులో ఎక్కడా లేదు. అర్జీ పోస్టులో పడేసినా పోయేది గదా అంటారు. పోయేది. ఎందుకు వెయ్యలేదు? వేస్తే నేను తపాలా బిళ్ల అంటించిన గుమాస్తానే అవుతాను. మద్రాసు వెళ్లొచ్చిన మనిషిని కాను. ఇంతకంటే మంచి కారణం కోసం చాలా ఏళ్లు వెతికాను.

తిరిగొచ్చి పడవెక్కి లంకకి వెళ్లాను. ఊరంతా చేరింది. మంత్రుల్ని వరసగా, శాఖలతో సహా అప్పజెప్పాను. అందరూ నిజం. చివరివాడు నా వాడు. "కొల్లేటి మంత్రి గారు మీ అర్జీ కళ్లకద్దుకున్నారు. నీళ్లు తనే పంచుతానన్నారు" అన్నాను. కోటయ్య తలగుడ్డ తీసి ఆ మంత్రికి మద్రాసు వైపు దణ్ణం పెట్టాడు.

వాళ్లకో ఆచారం ఉంది. కొత్త పెద్ద కూర్చున్నాక, ఆయన చోటు చూపించే దాకా ఎవ్వరూ మావు దించరు. దించితే ఆయన పెద్దరికాన్ని కాదన్నట్టే. మరి కొత్త మంత్రి పంచుతానన్నాక పాత పాటకి వెళ్తారా? ఈ ఆచారం సంగతి నాకు తెలియదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. తెలుసు. కోటయ్యే చెప్పాడు.

పాట నోటీసు, ఈసారి మూడేళ్లకి, నా బల్లకి ఎదురుగానే అంటించారు. వారం గడువు. లంకకి కబురు పంపడానికి ఒక్క పూట చాలు. రోజూ ఆ నోటీసు చూస్తూ, ఎవరివో అర్జీలు రాస్తూ కూర్చున్నాను. పాట నాడు లంకవాడు ఒక్కడూ రాలేదు. ఏలూరు షావుకారు ఒకాయన పోటీ లేకుండా మూడేళ్లకి పాడుకున్నాడు. తమ గుమ్మం ముందరి నీళ్లలో వాళ్లు ఆయనకి కూలీలయ్యారు. ఊరు కోటయ్యని పెద్దరికం నుంచి దించేసింది.

నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అననివ్వలేదట కోటయ్య. పంతులుగారు అంత దూరం శ్రమపడి వెళ్లారు, ఆ మంత్రే మరిచిపోయుంటాడు, ఎన్ని పనులో పాపం అన్నాట్ట. పైగా నెలకోసారి నాకు తామరాకుల కట్ట తెచ్చి ఇచ్చేవాడు. ఆ ఆకుల్లోనే అన్నం తిన్నాను. రుచిగానే తిన్నాను. అదే నాకిప్పటికీ అర్థం కాదు.

రెండేళ్లకి యుద్ధం వచ్చింది, మంత్రివర్గం దిగిపోయింది. ఆఖరిసారి వచ్చినప్పుడు కట్ట బల్ల మీద పెట్టి అడిగాడు.

"మన మంత్రిగారు బాగున్నారాండీ?"

అప్పుడైనా చెప్పొచ్చు. పక్కన ఎవరూ లేరు.

"రాజీనామా ఇచ్చేశారు, కోటయ్యా."

"పాపం," అన్నాడు. "ఆయనకీ పెద్దరికం పోయిందన్నమాట."

మరుసటి వేసవిలో పోయాడని తెలిసింది. వెళ్లలేదు.

ఈ ఉత్తరం మీ చేతుల్లో పడితే మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఊరుకోవచ్చు. క్షమించడం మీ వల్ల కాదు. ఆ పని చెయ్యగలిగినవాళ్లెవరో ఆ అర్జీ కాగితం మీదే ఉన్నారు, వాళ్లలో ఎందరున్నారో నేను కనుక్కోలేదు. పంచె మడత విప్పి కాగితం బల్ల మీద పరుచుకున్నాను. మొదటి ముద్ర కోటయ్యది, అందరికంటే గట్టిగా నొక్కాడు. దాని పక్కనే చెయ్యి పెట్టుకుని రాస్తున్నాను. కొల్లేటికి మంత్రి లేడు, కోటయ్యా. నేనే వేశాను, నేనే దింపాను.

ఈ ఒక్క ముక్కలో ఎక్కువ చేసి చెప్పింది ఏమీ లేదు.