కనబడకూడని గ్రీజు

రెండేళ్ళ కిందట మే మొదటి వారంలో నేను ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లో దిగాను. విశాఖలో డైవింగ్ పరికరాల వర్క్‌షాపు చీఫ్ మెకానిక్‌గా అప్పటికే రిటైరయ్యాను. సుక్మా వైపు వాగుల కోసం కొత్తగా తయారవుతున్న రక్షక దళం ఆ టౌన్‌షిప్‌లో శిక్షణ పొందుతోంది. వాళ్ళ స్కూబా సెట్లను తనిఖీకి సిద్ధం చేయడం నా పని. సెట్లు నెగ్గితేనే దళానికి మంజూరు. లేకుంటే ఆ వానాకాలం కూడా, ఎవరైనా వాగులో కొట్టుకుపోతే దూరం నుంచి డైవర్లు వచ్చేదాకా ఒడ్డున నిలబడి చూడవలసిందే.

దళంలో మొదటి డైవర్ మడకం భీమయ్య, కిష్టారం వాడు. పరికరాలు చూసేది అప్పలరాజు. శ్రీకాకుళం మనిషి, గనిలో ఖనిజం మోసే డంపర్లు బాగుచేసి చేయి తిరిగిన ఫిట్టర్.

నేను వెళ్ళిన మర్నాడు భీమయ్య టౌన్‌షిప్ ఈత కొలనులో దిగినట్టే దిగి పైకి వచ్చేశాడు. నోట్లోని మౌత్‌పీస్ తీసి, "ఏంది రాజన్నా, నన్ను నీళ్ళల్ల దింపినవా, లారీ కింద పండబెట్టినవా? గాలంత గ్రీజు వాసనే" అన్నాడు.

రెగ్యులేటర్ విప్పించాను. సిలిండర్‌లోని అధిక పీడనపు గాలిని మనిషి పీల్చుకోగలిగేలా తగ్గించేది అదే. దాని ఇత్తడి మరచుట్ల, అంటే థ్రెడ్ల, నిండా బండ్లకు వాడే గ్రీజు, అందులో ఎర్రటి ధూళి.

"నానే రాసాను మేస్టారూ. ఈ ఊళ్ళో దుమ్ముకి గ్రీజే మందు గదేటి" అన్నాడు అప్పలరాజు.

డంపర్ విషయంలో అతని మాట నిజమే. పిన్నుల్లోకి కొత్త గ్రీజు ఎక్కిస్తే పాతది దుమ్మును మోసుకుని బయటికి వస్తుంది. శుభ్రమైన గ్రీజు కనబడేదాకా కొడుతూనే ఉంటారు. రెగ్యులేటర్‌లో ఆ దుమ్ము బయటికి పోయే దారి లేదు. ఇనుప ఖనిజం ధూళి గ్రీజులో చిక్కుకుని థ్రెడ్లను అరగదీస్తుంది. పైగా బండి గ్రీజు పెట్రోలియం సరుకు. కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. అధిక పీడనం దగ్గర, అందులోనూ ఆక్సిజన్ పాలు పెంచిన గాలితో, నిప్పంటుకోవచ్చు కూడా.

అలాగని థ్రెడ్లను పొడిగా వదలకూడదు. లోహం లోహాన్ని పట్టేస్తే మళ్ళీ ఊడదు. ఆక్సిజన్‌కు పనికొచ్చే ప్రత్యేకమైన గ్రీజును, మాన్యువల్ చెప్పినచోట మాత్రమే, సన్న కుంచెతో పలచగా రాయాలి.

ఇంకో చిక్కు వచ్చింది. గ్రీజు పూసిన థ్రెడ్ జారుతుంది కనుక అదే చేతి బలానికి ఎక్కువ బిగుస్తుంది. అప్పలరాజుది డంపర్ చెయ్యి. రెండో సెట్టు రెగ్యులేటర్ మూత ఎంతకీ రాలేదు. బలవంతం చేస్తే థ్రెడ్ తెగుతుంది, తెగితే తనిఖీ లోపు కొత్తది రాదు. వేడినీళ్ళలో ఉంచి, సరైన పానాతో ఓపిగ్గా కదిపాం. ఊడింది. భూతద్దంలో చూస్తే గీతలున్నాయి గాని చుట్లు చెక్కుచెదరలేదు. అప్పలరాజు అప్పుడు గాని కుర్చీలో కూర్చోలేదు.

పనిని క్యాంటీన్ సామాను గదిలోకి మార్చాం. కిటికీలకు తడి దుప్పట్లు కట్టాం. సాయంత్రానికి అవి ఎర్రబడ్డాయి. "మా ఇంటిది సూసిందంటే ఈటిని నా మెడకే సుడతాది" అన్నాడు అప్పలరాజు. భాగాలన్నీ సబ్బునీళ్ళలో కడిగి, వడగట్టిన గాలితో ఆరబెట్టి, రబ్బరు రింగులూ పొరలూ కొత్తవి వేశాం. గ్రీజు అతనిచేతే రాయించాను. మొదటిసారి రాసినది తుడిపించాను. రెండోసారీ తుడిపించాను. "ఇంకేటి మిగిలింది మేస్టారూ?" అన్నాడు. థ్రెడ్ మీద సన్నటి మెరుపు మిగిలింది. అంతే చాలు. బిగింపు చేతి అంచనాతో కాక, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర ఆపించాను.

తనిఖీ నాడు భీమయ్య కొలను అడుగున కూర్చుని, అధికారి సైగ చేసేదాకా పైకి రాలేదు. వచ్చాక అప్పలరాజు వైపు చూసి, "లారీ పోయింది రాజన్నా" అన్నాడు. రెండు సెట్లూ నెగ్గాయి. వానలు మొదలయ్యే నాటికి దళం సుక్మా చేరింది.

ఆ తర్వాత అక్కడికి కొత్తగా వచ్చిన ఫిట్టర్లకు అప్పలరాజే పని నేర్పుతున్నాడు. డంపర్‌కు గ్రీజు కనబడాలి, దీనికి కనబడకూడదు అన్నది అతని మొదటి పాఠం. నాకు తెలిసింది ఇది: కొత్త పనిలో తప్పు అలవాట్లు త్వరగానే పట్టుబడతాయి. పాత పనిలో ఒప్పుగా ఉన్న అలవాటునే ముందుగా విప్పి చూడాలి.