పన్నెండో నంబరు అంగీ

ఆరేళ్లయింది. కోరుట్ల బాస్కెట్‌బాల్ జట్టులో నా చోటు ఎలా పోయిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మొన్న సంపత్ పెళ్లికి జట్టు మొత్తాన్ని పిలిచారట, నన్ను మరిచిపోయారట. అదీ గుర్తు పెట్టుకున్నాను. అడగకపోయినా చెబుతాను. ఒక బకెట్ వేడినీళ్లలో నన్ను నేనే ఎలా ముంచుకున్నానో వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నాకు అలవాటే.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాలు నడుపుతాడు. నేను కోరుట్లలో గది తీసుకుని డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు బంతి వెంట పరుగెత్తేవాణ్ణి. జగిత్యాల పోటీకి పన్నెండు మంది కావాలి, మేము పదముగ్గురం. పదకొండు మంది ఖాయం. మిగిలిన ఒక్క చోటుకు నేనూ, సంపతూ. నేను కరెంటు స్తంభమంత పొడుగు. ఆట కూడా అలాగే, ఎవరైనా వచ్చి గుద్దుకుంటే తప్ప కదలను. సంపత్ నా భుజం దాకానే వస్తాడు గానీ, ఎలుకలా దూరిపోతాడు.

మాకు ఆట నేర్పే సారు పేర్లు చెప్పకుండా నాన్చుతున్నారు. జట్టుకు అంగీలు లేవు. మా మగ్గం మీది నూలుగుడ్డతో కుట్టించి తెస్తే, తెచ్చినవాణ్ణి ఎవరు తీసేస్తారు? బాపును బతిమాలి గుడ్డ తెచ్చాను. పదకొండు అంగీలు వదులుగా, పన్నెండోది నా కొలతలకు, ఒంటికి అతుక్కునేలా కుట్టించాను. భుజాలు కనబడాలి కదా మరి.

అంగీలకు మగ్గం నూనె వాసన. పోటీకి ముందురోజు పొద్దున్నే నీళ్లు మరగకాచి, పన్నెండూ ముంచి, పిండి, ఆరేశాను. సారు మెచ్చుకుంటారనుకున్నాను.

మర్నాడు జగిత్యాలలో పదకొండు మందికీ సరిగ్గా సరిపోయాయి. నాది బొడ్డు దగ్గర ఆగిపోయింది. అంగీని నిక్కరులో దోపుకోకపోతే ఆడనివ్వనన్నాడు రిఫరీ. సారు నన్ను చేతులు లేపమన్నారు. లేపాను. అంగీ నాకంటే ముందే పైకి పోయింది.

"గిట్లనే ఎగురుతవారా?" అన్నారు సారు.

"లోపల బనీను ఏసుకుంట సార్."

"ఏసుకున్నవు గదరా. గా చిరిగింది గదే గదా?"

అని సంపత్ వైపు తిరిగారు. "నువ్వేసి చూడు."

వాడికి కొలిచి కుట్టించినట్టే ఉంది. దోపుకున్నాడు కూడా. "మంచిగ కుట్టిచ్చినవే అన్నా, సంకల కూడ గుంజుతలేదు," అని నన్ను మెచ్చుకున్నాడు.

సారు జేబులో ముందురోజే రాసి మడతపెట్టిన పేర్ల కాగితం ఉంది. దాన్ని తీసి బల్ల దగ్గర ఇచ్చారు. ఇచ్చే ముందు నా పేరు కొట్టేయడానికి పెన్ను తీశారా, లేక మొదటినుంచీ సంపత్ పేరే ఉందా అన్నది, సంపత్ వీపు అడ్డం రావడంతో నాకు కనబడలేదు. ఆ వీపు మీద నా పన్నెండో నంబరు.

గెలిచారు. ఫోటో నేనే తీశాను, కనుక అందులో నేను లేను. వాళ్లంతా ఒకే జీపులో కోరుట్ల వెళ్లారు. నేను వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. పక్క సీట్లో సంచి పెట్టుకుంటే, జరపమని అడగడానికి కూడా ఎవరూ రాలేదు.

మగ్గాల చప్పుడులో బాపు అంతా విని, ఒక్కటే అడిగాడు. "కుట్టిచ్చేముందు గుడ్డను నానవెట్టినవా?"

నూలుగుడ్డ మొదటి తడికి ముడుచుకుంటుందని మా వాడలో పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు.

"లేదు బాపు."

ఆయన మగ్గం ఆపలేదు.

కనుక ఆ బకెట్ మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: నానబెట్టని గుడ్డకు ఈ జన్మలో కత్తెర చూపించను. ఇక సారుతో ఒక్క మాట. ఏటా పోటీ రోజున మీకు ఫోనులో అదే ప్రశ్న పంపుతున్నాను. రెండు నీలి గీతలు పడతాయి, జవాబు రాదు. నాకు ఆట రాదని చెప్పినా తట్టుకుంటాను. ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను, చెప్పి తీరాలి.

సార్, పెన్ను తీసిండ్రా, తియ్యలేదా?