చేటల మామతో బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా బేరమాడకుండా ఏదైనా కొని తెస్తే, జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసేవాళ్లు. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట మాది కిరాణా దుకాణం. తొమ్మిదేళ్లకే నేను ఒక్క జామకాయ దగ్గర అరగంట వాదించేదాన్ని. ఇప్పటికీ మా వీధికొచ్చే కూరగాయల బండతను నన్ను చూస్తే దారి మారుస్తాడు. అందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

మొన్న మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టింది. జైలు నుంచి వచ్చిన మనిషి మళ్లీ బతుకు కట్టుకునే కథ. అతన్ని చూసి కొందరు తప్పుకుని పోతారు, కొందరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మనవరాలు కూడా ఏడ్చింది. "ఇతనితో ఒక్కరూ బేరమాడరేం?" అన్నాను నేను. అది నన్ను వింతగా చూసింది. అప్పుడు దానికి చెప్పిన సంగతే ఇది.

మా వారపు సంతలో వెదురు చేటలు అల్లి అమ్మే ఆయన్ని పిల్లలం చేటల మామ అనేవాళ్లం. పొలం గట్టు తగాదాలో ఆయన తోస్తే ఒక మనిషి బండరాయి మీద పడి చనిపోయాడట. నేను పుట్టకముందు జైలుకు వెళ్లిన మామ, తల నెరిసి తిరిగొచ్చి, సంతలో తన పాత చోటులోనే కూర్చున్నాడు. చాలామంది చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ఎదురుపడి తప్పించుకోలేనివాళ్లు ఆయన అడిగినంతా ఇచ్చేసి, చేటను తిప్పి కూడా చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. రెండోసారి వచ్చేవాళ్లు కాదు.

ఒక సంతనాడు మా నాయనమ్మ నన్ను చేట తెమ్మని పంపింది. మామ ధర చెప్పాడు. నాకు ఆయన చేతులు తప్ప ఇంకేమీ కనబడలేదు. అడిగినంతా ఇచ్చి పరుగెత్తుకొచ్చాను.

"ఎంతకు బేరమాడినవే?" అంది నాయనమ్మ.

ఆడలేదన్నాను. భయమేసిందన్నాను. ఊరుకోకుండా నా దుకాణం తెలివి కూడా చూపించాను. మామతో ఎవరూ బేరమాడరు కదా, ఎంత అదృష్టమో అన్నాను. నాయనమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రమే మామ భార్య ఉప్పు కోసం వచ్చింది. "పైసలిస్తుండ్రు గని ముఖం చూస్తలేరు పెద్దమ్మా. ఇంట్ల గూడ మాట్లాడుడు బంద్ జేసిండు. వచ్చే సంత గూడ గిట్లనే అయితే ఊరిడిసి పోతం," అంది.

మళ్లీ సంతకు నాయనమ్మ కొంగులో ఇన్ని బియ్యం మూట కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మామ ముందు కూర్చుంది. ఒక్కో చేటను వంచింది, తిప్పింది, వెలుగుకు పట్టి చూసింది. తర్వాత సంతంతా వినేటట్టు, "ఏందయ్యా ఇది, చేటనా జల్లెడనా? సగం ధరకిస్తే తీస్కపోత," అంది.

మామ తలెత్తలేదు. "మీ ఇష్టం పెద్దమ్మా."

"నా ఇష్టమేంది? నీ చేటకు నువ్వు మాట్లాడవా? గంత పనికిరానిదా?"

జనం మూగారు. నాయనమ్మ మూట విప్పి, బియ్యం చేటలో పోసి చెరిగింది. "చూడుండ్రి, ఎంత చెరిగినా రాళ్లు రాళ్లే ఉన్నయ్!" అంది. మామ ముఖం ఎర్రబడింది. వెదురు చీల్చే కత్తి మీద ఆయన పట్టు బిగిసింది. ముందున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన ఒక్క అరుపు అరిస్తే చాలు, ఆ సంతలోనే కాదు, ఆ ఊళ్లోనే ఆయన పని అయిపోతుందని నాక్కూడా తెలిసింది. నాయనమ్మ మాత్రం చెరగడం ఆపలేదు.

మామ కత్తి కింద పెట్టాడు. మెల్లగా తలెత్తాడు.

"పెద్దమ్మా, చేట నాది. రాళ్లు మీ దుకాణంవి."

ముందు చింతపండు అమ్మే ఆమె కిసుక్కుమంది. తర్వాత వరస వరసంతా నవ్వింది. "మా దుకాణాన్నే అంటవా? అయితే కొసరు పెట్టాల్సిందే!" అని నాయనమ్మ రెచ్చిపోయింది. మామ తగ్గలేదు. చాలాసేపు కొట్లాడుకున్నారు. చివరికి ధర పెద్దగా తగ్గలేదు గానీ, కొసరు కింద నాకు అరచేతంత చేట దక్కింది. మేము లేవకముందే ఒకామె వచ్చి, తనకూ అదే ధరకివ్వమంది. "ఆమెతోటి పడలేక ఇచ్చిన, నీకియ్య," అన్నాడు మామ. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, తీరిగ్గా ఆయన ముందు కూర్చుంది.

దారిలో నాయనమ్మను అడిగాను, మన బియ్యంలో నిజంగా రాళ్లున్నాయా అని.

"నేనే కలిపిన. ఎవలకు చెప్పకు."

"మామ ఆ మాట అనకపోతే?"

"ఇంకో పిడికెడు తెచ్చిన," అని కొంగు ముడి చూపించింది.

మామ కుటుంబం ఊరు విడిచిపోలేదు. కొన్నాళ్లకు మామ భార్య, ఆయన మాటలకు తన చెవులు నొస్తున్నాయని మా దుకాణంలో ఫిర్యాదు చేసింది.

నా చిన్న చేట ఎప్పుడో చివికిపోయింది. మా వీధి కూరగాయల బండతను కూడా లోపలికి పోయొచ్చినవాడేనని ఇక్కడ గుసగుసలు. మొదట్లో అతను ఎవరి ముందూ తలెత్తేవాడు కాదు. చెప్పిన ధరకు కొని జనం గబగబా తలుపులేసుకునేవాళ్లు. నేను మాత్రం అతని వంకాయల్ని పదిమందిలో నానా మాటలూ అన్నాను. ఇప్పుడు నన్ను చూస్తే, "అమ్మో, వచ్చిందిరా నాయనా!" అని నవ్వుతూ బండి తిప్పేస్తాడు. మోకాళ్ల నొప్పులున్నా, నేను వెంటపడతాను.