నేను పీటల దాకా రానివ్వని మామయ్య

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున, హారతి పళ్ళెం ఇంకా చేతిలో ఉండగానే మైపాడు నుంచి ఫోను వచ్చింది. మా మేనమామ నిద్రలోనే పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. అందరిలాగే నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో సగం సిగ్గు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య చేపల వేటకు పోయే ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే మహారాష్ట్ర వెళ్ళి, కొండల్లో ద్రాక్షతోటలున్న ఒక వైన్ కంపెనీలో తొట్లు కడిగే పనికి చేరాడు. ఎండుచేపల గంప మూత తియ్యకుండానే ఏది సరిగ్గా ఎండలేదో చెప్పే ముక్కు ఆయనది. ఏ పీపాలో రసం పాడవబోతుందో రెండు రోజుల ముందే పసిగట్టేవాడట. దాంతో కొన్నాళ్ళకు ఆయన్ను రుచి చూసేవాళ్ళ పక్కన నిలబెట్టారు.

మాకు ఇదేదీ పట్టలేదు. నేను పదో తరగతి పాసైన రోజుల్లో మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా అంగళ్ళ ముందు బైఠాయించారు. అమ్మ వెనకాల చీపురు పట్టుకొని నేనూ వెళ్ళాను. అటువంటి ఇంటి మనిషి మందు చేసే చోట పనిచేయడమా! ఎవరైనా అడిగితే జ్యూసు కంపెనీ అని చెప్పేదాన్ని.

సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన చెప్పబోయేవాడు.

"తాగేది లేదు అమ్మణ్ణీ. నోట్లో పోసుకుంటా, తిప్పుతా, ఉమ్మేస్తా. అంతే."

"ఉమ్మేసేదానికి జీతం ఇస్తారంట్రా నీకు?" అని అమ్మ దెప్పేది.

"తమలపాకు నమిలి నువ్వు ఊరికే ఉమ్ముతుండావు గదక్కా!"

నా పెళ్ళికి నాలుగు రోజులు సెలవు పెట్టి, కొత్త పంచె కొనుక్కొని వచ్చాడు. పెళ్ళికూతురిని పీటల మీదికి తీసుకురావలసింది మేనమామే. మా ఇళ్ళలో అది ఆయన హక్కు. నేను దేవుడి గది గుమ్మంలో ఆయన్ను ఆపి, తల వంచుకొని అన్నాను.

"మామయ్యా, మందు ముట్టిన చేతులతో వద్దు. సంగం మామయ్య తీసుకుపోతాడులే."

సంగం మామయ్య అమ్మకు పెదనాన్న కొడుకు. మామయ్య తన చేతులు ఒకసారి చూసుకున్నాడు.

"నీ పెళ్ళి చల్లంగా జరగాల. నాదేముండాది, పో మే" అని వంటల వైపు వెళ్ళిపోయాడు.

అక్కడ కొబ్బరి పచ్చడి గంగాళం దగ్గర ఆగి, చెడిపోయిందని పట్టుబట్టి పారబోయించాడట. వంటాయన ముందు ఎగిరిపడి, నాలుక మీద వేసుకున్నాక తనే గంగాళం ఎత్తించాడట. ఏళ్ళ తరువాత ఆ వంటాయనే చెబితే తెలిసింది. మామయ్య ఎన్నడూ అనలేదు.

తొలిరోజుల్లో వాళ్ళ వైన్ పానకంలా ఉండేదని, పెద్ద హోటళ్ళవాళ్ళు తిప్పి పంపేవాళ్ళని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. చలిదేశాల్లో చలికాలమంతా ద్రాక్షతీగ నిద్రపోతుందట. "మన ఎండకు అది నిద్రపోదు. ఏడాదికి రెండుమార్లు కత్తిరించి, మనమే దారిలో పెట్టాల" అనేవాడు. తెల్లవారుజామున చలిలోనే కాయ కోయడం, తొట్లను చల్లగా ఉంచడం ఒక్కొక్కటే నేర్చుకున్నారు. ఒకసారి పెద్ద తొట్టెడు రసం బాగాలేదని ఈయన అంటే యజమానికి కోపం వచ్చింది. "అమ్ముకుంటే అమ్ముకోండి సార్. బాగుండాదని మాత్రం నేను చెప్పను" అన్నాడట. చివరికి పారబోశారు.

"ముందర మన దేశంది అంటే నవ్వేవాళ్ళు అమ్మణ్ణీ. ఇప్పుడు సీసా తిప్పి ఏ ఊరిదని చదువుతుండారు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. నేను పూలు కట్టుకుంటూ వినేదాన్ని. తలెత్తి, బాగుంది మామయ్యా అని ఒక్కసారైనా అనలేదు.

పని మానేసి మైపాడు వచ్చాక ప్రతి శనివారం బస్సెక్కి నెల్లూరులో మా ఇంటికి వచ్చేవాడు. వసారాలో అడుగు పెడుతూనే గాలి పీల్చి, "పాలు అడుగంటినాయి, చూడు మే" అనేవాడు. దేవుడి గది వైపు మాత్రం వచ్చేవాడు కాదు. ప్రసాదం తెచ్చిస్తే వసారాలోనే కళ్ళకద్దుకునేవాడు. లోపలికి రా మామయ్యా అంటే సరిపోయేది. ప్రతి శనివారం అనాలనే అనుకున్నాను. ప్రసాదం గిన్నె పట్టుకొని నేనే లోపలికి వచ్చేసేదాన్ని.

పదోరోజు సముద్రం ఒడ్డున, ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టారు. కొడుకు సంచిలోంచి ఒక సీసా సగం తీసి ఆగిపోయాడు.

"మా నాయన ఆఖరిగా రుచి చూసి బాగుండాదన్నది ఇదే వదినా. నువ్వు వద్దంటే పెట్టను."

అందరూ నా వైపు చూశారు. నేనే వెళ్ళి సీసా అందుకున్నాను. దొన్నెలో పోస్తుంటే వేళ్ళ మీద ఒలికింది. నేరేడుపళ్ళ వాసన వచ్చింది. ఇన్నేళ్ళూ తప్పు తప్పన్నదాన్ని, ఒక్కనాడైనా వాసన చూడలేదు.

ఇంటికి వచ్చి తలస్నానం చేశాను. సాయంత్రం దీపం పెట్టబోతే గోళ్ళ అంచున ఎరుపు ఇంకా ఉంది. పసుపునీళ్ళ చెంబు పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఆ వేళ్ళతోనే వత్తి ఎగదోశాను.