తప్పకుండా గారూ, రెండు రోజుల నాన్నలూ

ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. కొత్త పిల్లల్ని చేర్పించే పని చూసుకునే ఆయన బడిలో అందరికీ తప్పకుండా గారే. పిల్లల్ని చేర్చడానికి వచ్చినవాళ్ళు ఏమడిగినా ఆయన నోట ముందుగా ఊడిపడే మాట అది. ఈత నేర్పిస్తారా? తప్పకుండా. వారం వారం ఫోను చేయిస్తారా? తప్పకుండా. ఒక తాతగారు వేళాకోళానికి, "ఏనుగెక్కడం కూడా నేర్పుతారా?" అని అడిగితే తలూపుతూ "తప్పకుండా" అనేసి, ఆనక నాలుక కరుచుకున్నారు.

అంతకు ముందు ఆయన ఫ్యాన్లు అమ్మారు, మిక్సీలు అమ్మారు, కొన్నాళ్ళు బీమా కూడా కట్టించారు. అవన్నీ తేలిక. ఫ్యాను అమ్మేస్తే అది వాళ్ళ నెత్తి మీద తిరుగుతుంది, మన జోలికి రాదు. పిల్లవాడలా కాదు. చేరిన వారానికే ఏడ్చి దిండు తడిపేస్తాడు.

అది నడవడిక నేర్పే ప్రైవేటు బడి. పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలి. తెల్లవారకుండానే లేవాలి, దుప్పటి మడత పెట్టాలి, తిన్న కంచం తనే కడుక్కోవాలి, ఫోను ముట్టకూడదు. సాయంత్రం ఆటలయ్యాక ఒప్పుకోలు గంట ఉంటుంది. అందరూ గుండ్రంగా కూర్చుని ఆ రోజు చేసిన తప్పొకటి పైకి చెప్పాలి. ఏ తప్పూ చెయ్యనివాడికి అది పెద్ద చిక్కు. ఏదో ఒకటి కల్పించి చెబుతాడు. మర్నాడు లేచి, నిన్న చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటాడు.

చిన్నపిల్లల హాస్టలు చూసుకునేది తప్పకుండా గారి భార్యే. పిల్లలందరికీ పెద్దమ్మ. గట్టి గొంతు, మెత్తటి చేతులు. కొత్తగా వచ్చినవాణ్ణి కొన్ని వారాలు కనిపెట్టి చూస్తుంది. తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకునే బిడ్డ కనిపిస్తే ఎవర్నీ అడగకుండా వాళ్ళింటికి ఫోను చేస్తుంది: "వచ్చి తీసుకెళ్ళండి." ఉపాధ్యాయుల గదిలో ఒక జోకు నడిచేది. "ఆయన వీధి గుమ్మంలోంచి తెస్తాడు, ఆవిడ పెరటి గుమ్మంలోంచి సాగనంపుతుంది. ఎంత చక్కని కాపురమండీ!"

కొత్త చేరికలు మొదలయ్యే ముందు ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచారు.

"పోయినేడు చిన్నవాళ్ళలో ప్రతి పదిమందికీ నలుగురు మధ్యలో మానేశారు. ఈసారి సగం ఏడాది గడిచేసరికి మళ్ళీ అదే వరసైతే చిన్నవాళ్ళ హాస్టలు ఎత్తేస్తాం. పెద్ద తరగతులే నడుపుకుందాం."

హాస్టలు ఎత్తేస్తే పెద్దమ్మ ఉద్యోగం పోతుంది. హాస్టలును ఆనుకుని వాళ్ళు కాపురముంటున్న రెండు గదులూ పోతాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆయన ఈ మాట భార్య చెవిన వేశారు.

"నువ్వు కాస్త ఆ ఫోన్లు చెయ్యడం తగ్గించకూడదూ?"

"ముందు మీరు ఆ తప్పకుండాలు తగ్గించండి" అంది ఆవిడ. "అయినా పిల్లల్ననేం లాభం? పంపించే నాన్నలననాలి. 'మావాడికి క్రమశిక్షణ లేదమ్మా' అంటూ వస్తారు. వీళ్ళకేదో ఉన్నట్టు! వాళ్ళని పడుకోబెట్టండి రెండు రోజులు నా హాస్టల్లో, తెలుస్తుంది."

ఆయన నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ వారమే కొడుకును చేర్చడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మనిషి భారీ, మాట ఇంకా భారీ. బడంతా తిరిగి చూసి, "బాగుందండీ. మేమూ ఓ రెండు రోజులుండి చూడొచ్చా?" అన్నాడు సరదాకి.

"తప్పకుండా!"

కాంట్రాక్టరు అక్కడే కూర్చున్న మిగతా నాన్నలకు చెప్పాడు. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. సాయంత్రానికి తప్పకుండా గారు చెమటలు తుడుచుకుంటూ ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డారు.

"మాటిచ్చారా?"

"నోరు జారిందండీ."

"జారిన మాటకీ ఇచ్చిన మాటకీ తేడా లేదని రోజూ పిల్లలకి చెబుతున్నాం. మనకి మాత్రం తేడా ఉంటుందా? రమ్మనండి."

బడి తెరవడానికి ముందు సెలవుల్లో నాన్నలు కొడుకులతో సహా దిగారు. పిల్లలకోసం చేయించిన మంచాలు కావడంతో అందరి కాళ్ళూ బయటికి వేలాడాయి. కంచాలు కడిగే చోట ఒక పళ్ళ డాక్టరు కుళాయి కిందే కంచం పట్టుకుని నిలబడిపోతే, వెనకనించి పెద్దమ్మ, "నీళ్ళకి కంచం చూపిస్తే సరిపోదు నాయనా, రుద్దాలి" అంది. తెల్లవారేసరికి ఒక నాన్న పాలవ్యానెక్కి చెక్కేశాడు. ఆ తొందరలో కొడుకును మర్చిపోయి మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు.

రెండో రోజు భోజనాల వేళ కాంట్రాక్టరు కాలి మేజోడు మోగింది.

ముద్దలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్దమ్మ వచ్చి చెయ్యి చాపింది. ఆయన వంగి, ఎర్రబడ్డ మొహంతో ఫోను తీసి ఇచ్చాడు.

"రెండో కాలు కూడా చూపించండి" అంది ఆవిడ.

ఆ సాయంత్రం ఒప్పుకోలు గంటలో ఆయన లేచి నిలబడ్డాడు. కట్టడాల దగ్గర వందమందిని అదిలించే గొంతు పిల్లికూతలా వచ్చింది.

"ఫోను దాచానండీ."

"నేను దాస్తే చెవి మెలిపెట్టావుగా నాన్నా?" అన్నాడు పక్కనున్న కొడుకు.

గదంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నట్టు నటించారు. కాంట్రాక్టరు మాత్రం కూర్చోలేదు.

"ఇంకోటి కూడా ఉందండీ. నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో వంటింటి లైటు గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు, అదే గుర్తొచ్చింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొడుకు తండ్రి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టాడు.

మర్నాడు చాలామంది నాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయారు. "ఏమీ అనుకోకండి, మావాడికింకా వయసు రాలేదు" అన్నారు. వయసు రానిది వాడికి కాదని అందరికీ తెలుసు. చేరినవాళ్ళు బాగా తగ్గారు. తప్పకుండా గారు ఖాళీ మంచాల మధ్య నడుస్తూ వాటిని లెక్కపెట్టుకున్నారు. మానెయ్యడానికి ముందసలు చేరేవాళ్ళుండాలి కదా!

"నీ సలహా కొంప ముంచింది" అన్నారు భార్యతో.

"నాది సలహా. మాట జారింది మీరు" అంది ఆవిడ, ఖాళీ మంచాల దుప్పట్లు తీసి ఎండలో వేస్తూ.

కొన్నాళ్ళకు ఎప్పటిలాగే ఏడుపులు మొదలయ్యాయి. పెద్దమ్మ ఎప్పటిలాగే ఇళ్ళకు ఫోన్లు చేసి పిల్లల చేతికిచ్చింది. కానీ ఫోను అవతల మాటలు మారాయి. వెనకటి నాన్నలు "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అనేవాళ్ళు. ఈ నాన్నలకు ఆ మంచం ఎంత పొట్టిదో తెలుసు.

"రెండో రాత్రి నాకూ అలాగే అయిందిరా" అంటున్నాడు కాంట్రాక్టరు. కొడుకు చేతిలో ఫోను ఉన్నా ఆ గొంతు వరండా అంతా వినిపిస్తోంది. "పొద్దున కంచం కడుగుతుంటే కాస్త తగ్గింది. రేపటిదాకా చూడు. తగ్గకపోతే చెప్పు, బండేసుకుని వచ్చేస్తా. సిగ్గేం లేదు."

వాడు రేపటిదాకా చూశాడు. ఆ తర్వాత ఎల్లుండిదాకా చూశాడు. ఆ పైన బంతాటలో పడి చూడ్డం మానేశాడు.

సగం ఏడాది గడిచేసరికి ఒక్క పిల్లవాడే ఇంటికెళ్ళాడు. వాడు వెళ్ళాల్సినవాడే. పెద్దమ్మ తనే బట్టలు సర్ది, గేటుదాకా వెళ్ళి బస్సెక్కించి వచ్చింది. మిగతా అందరూ ఉన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ లేచి, చిన్నవాళ్ళ హాస్టలు ఎక్కడికీ పోదని, వచ్చే ఏడు కూడా నాన్నలు ముందుగా వచ్చి రెండు రోజులుండి తీరాల్సిందేనని చెప్పారు. తప్పకుండా గారు ఊపిరి పీల్చుకుని టీ కప్పు అందుకోబోయారో లేదో, అమ్మలంతా చుట్టుముట్టారు. అందరికన్నా ముందు కాంట్రాక్టరు భార్య.

"ఏమండీ, నాన్నలకేనా? మేం మనుషులం కాదా?"

"అది కాదమ్మా, ఇక్కడ చాలా కష్టం..."

"ఏం కష్టం? వంట లేదు. ఫోను మోగదు. మన కంచం ఒక్కటి కడుక్కుంటే చాలట. తొమ్మిదింటికల్లా లైట్లు తీసేస్తారట. దాన్ని కష్టమంటారా?"

"రెండు రోజులేంటి, వారం పెట్టండి" అంది వెనకనించి ఒక గొంతు.

తప్పకుండా గారు దిక్కుతోచక భార్యకేసి చూశారు. పెద్దమ్మ అప్పటికే వాళ్ళను హాస్టలు చూపించడానికి తీసుకెళ్తోంది. ఆయన వెనకాలే వెళ్ళేసరికి ఒకావిడ కిటికీ పక్క మంచం మీద చేతిసంచి పెట్టి, ఇది నాదని మిగతావాళ్ళకు చెబుతోంది.