జున్ను పంచిన మనిషి

గల్ఫ్ యుద్ధం నాడు సౌదీలో హుఫూఫ్ దగ్గర, మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్ పాలఫారంలో జున్ను వండిన జగిత్యాల మనిషి గుర్తొస్తే, నాకు ఇప్పటికీ కోపమే ముందొస్తుంది. ఆవు ఈనితే, దూడ తాగగా మిగిలిన ముర్రుపాలలో ఊరి నుంచి తెచ్చుకున్న బెల్లం, మిరియాలు కలిపి ఆవిరి మీద పెట్టేవాడు. అందరికీ పంచాకే తినేవాడు. ఒక్కరికి తప్పినా ఆవు పాలు ఎండుతాయని అతని నమ్మకం.

ఆ సాయంత్రం సైరన్ మోగింది. క్షిపణితో విషవాయువు వస్తుందన్న భయంతో తలుపు సందులకు టేపు అంటించి కూర్చున్నాం. అతను గిన్నెతో లేచాడు.

"అవతలి షెడ్డుల పాకిస్తానీ డ్రైవర్‌కు ముట్టలే అన్నా."

"తలుపు తీస్తే అందరం పోతం. పంచకుంటే పాలు ఎండుడు ఎన్నడన్న చూసినవా?" అన్నాను.

"చూడలే. చూసెదాక ఆగాల్నా?"

"ఆవు కఫీల్‌ది. ఎండితే నీకేంది?"

"కఫీల్‌దే. పిండింది నేను గద."

టేపు పీకి వెళ్లాడు. మళ్లీ అంటించమని గదంతా అరిచింది. తడి తువ్వాలు ముక్కుకు అదుముకుని నేను గడియ దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి డ్రైవర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ షెడ్డుకు తలుపే లేదట.

సాటి మనిషిని పిలుచుకురావడానికి ఆవు పాల భయం ఎందుకయ్యా అని అడగబోయాను. ఆ భయం లేని మేమెవరమూ ఆ డ్రైవర్‌ను పిలవలేదు.