బరకత్ పట్టిన హెల్మెట్

మా బాబ్ దుక్కాలా వీధిలో అల్లాల్ మోపెడ్ సీట్లకు తొడుగులు కుడతాడు, హెల్మెట్ల లోపలి గుడ్డ మారుస్తాడు. పక్కనే నా పుదీనా టీ కొట్టు కనుక ఆయన గొణుగుడంతా నా చెవినే పడుతుంది. ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్ మళ్ళీ పెట్టుకోవద్దని చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టింది. వినే నాథుడే లేడు.

మరాకేష్‌లో మాకో పిచ్చి నమ్మకం. ప్రమాదంలో తల కాపాడిన హెల్మెట్‌కు బరకత్, అంటే దేవుడి దీవెన, పట్టిందంటారు. పాత సామాన్ల సంతలో దానికే గిరాకీ. గీతలు చూపించి మరీ అమ్ముతారు, సిగ్గులేని వాళ్ళు!

మొన్న చలికాలంలో అల్లాల్ కూతురు బతూల్ మోపెడ్ మీద ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తూ ఇసుకలో జారి పడింది. తల రోడ్డు అంచుకు కొట్టుకుంది. అయినా పిల్లకు ఏమీ కాలేదు. ఇంటిల్లిపాదీ ఏడ్చి, నవ్వి, కుస్‌కుస్ వండి బీదలకు పంచారు. నాయనమ్మ ఆ హెల్మెట్‌కు తాయెత్తు కట్టింది.

వారం తిరక్కుండానే బతూల్ దాన్నే పెట్టుకుని తండ్రి కొట్టు దగ్గరికి వచ్చింది.

"నాన్నా, లోపల గుడ్డ చిరిగింది. కాస్త మార్చవూ?"

అల్లాల్ గుడ్డ విప్పాడు. కింద ఉన్న థర్మాకోల్, చెవి పైభాగాన అరచేతి మేర నొక్కుకుపోయి ఉంది.

"చూడు. పై చిప్ప దెబ్బను నలువైపులా పంచుతుందంతే. మింగేది ఇది. ఒక్కసారి నలిగిందా, మళ్ళీ లేవదు. ఇంకో దెబ్బ తగిలితే నేరుగా నీ బుర్రకే. కొత్తది కొనుక్కో తల్లీ."

"పైన చిన్న గీతేగా! నన్ను కాపాడిన దాన్ని పారేస్తే నాయనమ్మ ఊరుకుంటుందా? నువ్వు కుడతావా, అవతలి వీధిలో కుట్టించుకోనా?"

అల్లాల్ నా వైపు చూశాడు. భార్య పోయినప్పుడు కూడా ఆయన మొహం అంత అలసిపోయి కనబడలేదు. అవతలి వీధివాడు మారుమాట్లాడకుండా కుట్టి ఇస్తాడని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన తాయెత్తు జాగ్రత్తగా విప్పి కూతురి చేతిలో పెట్టాడు. సీట్లు కోసే కత్తితో హెల్మెట్ పట్టీ తెగ్గోసి, థర్మాకోల్ అంతా పెకలించి రోడ్డు మీద పోశాడు.

బతూల్ గొల్లుమంది. "నా ప్రాణం కాపాడిన దాన్ని చంపేశావు కదా నాన్నా!"

"అది నువ్వు పడ్డ రోజే చచ్చిందే," అన్నాడు అల్లాల్ రొప్పుతూ. "నీ బదులు."

చలికాలం వెళ్ళిపోయింది. బతూల్ రోజూ కొట్టు ముందునుంచే వెళ్తుంది కానీ తండ్రివైపు తల తిప్పదు. నిన్న నాకే మనసాగక, "పిల్లతో నేను మాట్లాడనా?" అని అడిగాను.

"వద్దులే," అన్నాడు అల్లాల్ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నెత్తిన కొత్తది ఉంది. చూశాను."